గంజాంలో ఊడని లాడం

బుధవారం పొద్దున్న దాణా నానబెడుతుంటే ఒడిశాలో గంజాం నుంచి చెల్లెలు పైడమ్మ ఫోను చేసింది. అక్కని మా వైపు అప్పా అంటారు.

"అప్పా, కాటుక నెగడం నేదు. మొన్నటిదాకా మూడు కాళ్ళ మీద నిలబడీది. నిన్నటి నుంచి పడుకునే ఉంది. గడ్డి నోటికందిచ్చినా తినడం నేదు."

"ఏ కాలు?"

"ముందర కుడికాలు."

"ఏటయింది?"

"అదే తెలీడం నేదప్పా. నువ్వొచ్చీ."

కాటుక నల్లటి ఆడగుర్రం. పుట్టిన రోజున దాన్ని పొత్తిగుడ్డతో తుడిచింది నేనే. మా నాన్న శ్రీకాకుళంలో జట్కా తోలేవాడు, మా ఆయన పెళ్ళిళ్ళకి గుర్రాలు తిప్పేవాడు, ఇప్పుడు ఆ పని నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. పైడమ్మ మొగుడు, మా మరిది ఎర్రయ్య చేపల వేట మానేసి బరంపురం, ఛత్రపూర్ పెళ్ళిళ్ళకి గుర్రం తిప్పుతానంటే కాటుకని నా చేత్తో నేనే వాళ్ళకి అప్పజెప్పాను. అప్పుడే అన్నాను, కాలు జాగ్రత్తరా, గుర్రమంటే కాళ్ళేరా అని. వింటేనా!

పడుకున్న గుర్రం లేవకపోతే ఎక్కువ రోజులు బతకదు. పొట్టలో పేగులు మెలిపడిపోతాయి, ఒంటికి పుండ్లు పడతాయి. అందుకని వెళ్తానా వద్దా అన్న ఆలోచనే లేదు. మర్నాటి బండికి బయల్దేరాను.

ఆముదాలవలసలో ఏడున్నరకి రావలసిన బండి ఎనిమిదింబావు దాటాక వచ్చింది. ఈలోపల స్టేషన్లో పోలీసాయన నా సంచీ తెరిపించాడు. అందులో డెక్క చెక్కే వంకర కత్తి, పట్టకారు, సుత్తి, మోచేతంత ఆకురాయి ఉన్నాయి. చుట్టూ జనం మూగారు. "ఏంటమ్మా ఇవన్నీ?" అన్నాడు. గుర్రానికి అన్నాను. "గుర్రం ఏదీ?" అన్నాడు. జేబులోంచి తీసి చూపించమంటావా బాబూ అని నోటిదాకా వచ్చింది గానీ బండి తప్పిపోతుందని మింగేశాను. పెళ్ళి ముస్తాబులో కాటుక ఫోటో ఫోన్లో చూపిస్తే గానీ వదల్లేదు.

జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. దొరక్కుండా ఉంటేనే బాగుండేది. సంచీలోంచి ఆకురాయి బయటికి పొడుచుకొచ్చింది కదా, ఎదురుగా కూర్చున్నాయన అదేమిటని అడిగాడు. చెప్పాను. అంతే, పెట్టెలో ఉన్నవాళ్ళందరూ గుర్రాల డాక్టర్లయిపోయారు. పలాసలో జీడిపప్పు అమ్మడానికి ఎక్కినాయన, "మేకు దిగి ఉంటుందమ్మా, పసుపు పెట్టి కాల్చెయ్యండి" అన్నాడు. పక్కనున్నావిడ, "నల్ల గుర్రం గదా, దిష్టి తగిలీసుంటది" అంది. పై బెర్తు మీంచి ఒకాయన కిందికి వంగి, "మా మావయ్య ఎద్దుకీ ఇలాగే అయిందండీ, భుజం పట్టేసింది, ఆముదం రాస్తే పోయింది" అన్నాడు. ఎద్దుకీ గుర్రానికీ తేడా లేదేటి బాబూ అన్నాను. "నాలుగు కాళ్ళే కదండీ" అన్నాడు. తల కొట్టుకున్నాను.

వాళ్ళని తిడుతున్నాను గానీ, దారి పొడుగునా నేను చేసిందీ అదే, ఊహించడం. గుర్రం ఎందుకు కుంటుతుందంటే ఏమని చెప్పాలి? తడినేల మీద కట్టేస్తే డెక్క అడుగు కుళ్ళి కంపు కొడుతుంది. రాయి నొక్కుకుంటే అరికాలు కమిలి లోపల చీము పడుతుంది. ఇసకలో పరిగెత్తిస్తే పిక్క కింది నరం వాస్తుంది. శనగలు ఎక్కువ తినిపిస్తే డెక్క లోపలి కండ వాచి, నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడుతుంది. నా అనుమానమంతా శనగల మీదే. ఎర్రయ్యకి ప్రేమ ఎక్కువ, బుర్ర తక్కువ. పెళ్ళిలో ఎవరు ఏం పెట్టినా దాని నోట్లో కుక్కుతాడు. ఆ వాపుకి కావలసిన మందులన్నీ సంచీలో వేసుకున్నాను. సోంపేట వచ్చేసరికి వాడిని తిట్టాల్సిన తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను.

బరంపురంలో దిగేసరికి పదకొండు దాటింది. ఆ బండికి గంజాంలో ఆగే అలవాటు లేదు, మిగతా దారి బస్సులో వెళ్ళాలి. స్టేషను బయట ఒక బండి దగ్గర ఉప్మా, దాని మీద బఠాణీ కూర పోసి ఇచ్చారు. ఈ రెండూ కలిపి తినాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ బాగుంది. ఆ ప్రయాణంలో నాకు కోపం తెప్పించనిది అదొక్కటే. మందుల షాపులో దూది, అయోడిను, కట్టు గుడ్డ అడిగాను. ఎవరికి దెబ్బ తగిలిందన్నాడు. గుర్రానికన్నాను. కుర్చీలోంచి లేచి బయటికి తొంగి చూశాడు. ఈ ఊళ్ళల్లో గుర్రం వెంటబెట్టుకుని తిరుగుతారనుకుంటారో ఏమో.

కొత్త బస్టాండులో గంజాం వైపు బస్సు ఎక్కాను. "ఇప్పుడే ఎల్తాం మాసీ, ఇప్పుడే ఎల్తాం" అని కండక్టరు నన్ను కూర్చోబెట్టి, టీ తాగి, పాన్ వేసుకుని, డ్రైవరుతో ఏదో దెబ్బలాడి వచ్చాడు. ఛత్రపూర్లో కోర్టు దగ్గర మళ్ళీ ఆపాడు. నల్లకోటు వకీలు ఒకాయన వస్తున్నాడట, ఆయన లేకుండా బస్సు కదలదట. నాకు అక్కడ గుర్రం చచ్చిపోతోందయ్యా అని అరిచాను. కండక్టరు నావైపు జాలిగా చూసి ఒడియాలో వెనక్కి ఏదో చెప్పాడు. వెనక సీట్లో ముసలాయన తెలుగులో అందించాడు: "నీకోసం మమ్మల్ని జగన్నాథుడికి దణ్ణం పెట్టమంటన్నాడమ్మా." బస్సు మాత్రం కదల్లేదు.

గంజాం మలుపు దగ్గర దిగేసరికి రెండు. ఎర్రయ్య మోటారు సైకిలు పట్టుకుని నిల్చున్నాడు. "బాగున్నావా వదినా" అన్నాడు. శనగలు ఎన్ని పెట్టావురా అన్నాను. "శనగలా? శనగలేటి వదినా? తవుడూ గడ్డే." దారంతా తయారుచేసుకున్న తిట్లు వృథా అయిపోయాయి.

ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోటుకి ఇవతల, వలలు ఆరేసిన ఖాళీ జాగాలో తాటాకు పాక. కాటుక అందులో పక్కకి వాలి పడుకునుంది. నన్ను చూసి చెవులు కదిపింది, లేవలేదు. డొక్కలు లోపలికి పోయాయి. మెడ కింద చెయ్యేస్తే చెమట. నాకు ఏడుపొచ్చింది. పైడమ్మ ముందు ఏడవకూడదని కాళ్ళ దగ్గరికి జరిగాను.

మూడు కాళ్ళకీ కొత్త లాడాలు. డెక్కలు చక్కగా చెక్కి ఉన్నాయి. ముందర కుడికాలు మాత్రం పాత చెప్పులాగ ముందుకి సాగిపోయింది. దాని లాడం అరిగి రేకంత పల్చనైపోయి, పెరిగిన డెక్క మధ్యలోకి దిగబడిపోయింది. చెయ్యి పెడితే డెక్క వెచ్చగా ఉంది. మడమ పైన నరం టకటక కొట్టుకుంటోంది. సుత్తితో మెల్లగా తట్టాను, లాడం చివర తట్టగానే కాలు లాగేసుకుంది. ఇంక సందేహమేముంది? నెలన్నరకోసారి లాడం ఊడదీసి, పెరిగిన డెక్క చెక్కి, మళ్ళీ కొట్టాలి. ఈ కాలికి ఎన్ని నెలలుగా చెయ్యలేదో! లాడం అరికాలిలోకి నొక్కుకుని లోపల చీము పట్టింది.

"మూడు కాళ్ళకీ మార్చి దీనికెందుకు మార్చలేదురా?"

ఎర్రయ్య వలలకేసి చూశాడు. పైడమ్మ కొంగు సర్దుకుంది.

"అడుగుతున్నాను!"

"అది దానయ్య పడవకి ఇచ్చేసినాం వదినా" అన్నాడు ఎర్రయ్య.

అప్పుడు చెప్పారు. దానయ్య అని వీళ్ళ వీధిలో వేటగాడు, కొత్త పడవ చేయించుకున్నాడు. నల్ల గుర్రం లాడం పడవ ముక్కుకి బిగిస్తే మొగ దగ్గర కెరటం ఏమీ చెయ్యదట. మొగ అంటే ఏరు సముద్రంలో పడే చోటు, పడవలు బోల్తాపడేది అక్కడే. అయితే ఆ లాడం మనుషులు ఊడదియ్యకూడదట, గుర్రం కాలి నుంచి దానంతట అది ఊడిపడాలట. ఊడదీస్తే బలం పోతుందట. పడవేమో సిద్ధమై ఒడ్డున ఉంది. లాడమేమో ఊడదు. లాడాలు కొట్టేవాడు బరంపురం నుంచి వచ్చిన ప్రతిసారీ మూడు కాళ్ళే చేయించి పంపేస్తున్నారు.

నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ గుర్రాల మధ్య ఉన్నాను, మేకు దిగి కుంటిన గుర్రాన్ని చూశాను, తిండెక్కువై కుంటిన దాన్ని చూశాను. పడవ కోసం కుంటిన గుర్రాన్ని చూడ్డం ఇదే మొదలు.

"డాక్టరుకి చూపించారా?"

"ఛత్రపూర్ నుంచి డాక్టరుబాబు వారం కిందటే వొచ్చినాడప్పా" అంది పైడమ్మ. "లాడం తీసీమన్నాడు. లోపల చీముంది అన్నాడు."

"మరి నాకెందుకు ఫోను చేశారే?"

"నువ్వు ఇంకోటేదైనా సెప్తావేమో అని."

ఓరి నాయనో! ఈ మాట వినడానికా నేను తెల్లారగట్ల లేచి, పోలీసుకి గుర్రం ఫోటో చూపించి, ఎద్దుల డాక్టర్లని భరించి, నల్లకోటాయన కోసం బస్సులో ఉడికిపోయి వచ్చింది!

సంచీలోంచి పట్టకారు తీశాను. అంతలో ఎవరు చేరవేశారో గానీ దానయ్య పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, దిట్టంగా ఉన్నాడు. పాక గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆ లాడం మీద సెయ్యెయ్యకు" అన్నాడు.

"నీది ఫైబరు పడవే కదా? దానికి లాడం మేకులేసి కొడతావా?"

"బోల్టు ఎట్టిస్తాను."

బోల్టు సంగతి కూడా ఆలోచించి పెట్టుకున్నాడు మహానుభావుడు. "సరే బాబూ, లాడం దానంతటది ఊడాలంటే గుర్రం నడవాలి కదా? పడుకున్న గుర్రానికి లాడం ఎలా ఊడుతుంది?"

కాస్సేపు ఆలోచించాడు. "అయితే నడిపించండి" అన్నాడు.

నేను అరిచిన అరుపుకి పక్క పాకలో కోళ్ళు లేచిపోయాయి. ఆ సాయంత్రం నలుగురు మగాళ్ళు వచ్చి నాకు నచ్చజెప్పారు, నేను వాళ్ళకి నచ్చజెప్పాను. ఎర్రయ్య ఇటు మొగం పెడితే నన్ను చూసి భయం, అటు మొగం పెడితే ఊరిని చూసి భయం. "ఈ ఈదిలోనే బతకాల వదినా. లాడం ఊడదీసినాక ఆ పడవకేటన్నా అయితే ఎవర్నంటారు? నన్నే గదా?" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టించి, తవుడు ముద్ద కట్టి, అంతకుమించి ఏమీ చెయ్యలేక కూర్చున్నాను. పైడమ్మ పెట్టిన చేపల పులుసు చాలా బాగుందని ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, ఆ పూట ఏం తిన్నానో నాకే తెలీలేదు.

తెల్లవారి పాకలోకి వెళ్ళేసరికి అక్కడ ఒక ముసలావిడ కూర్చునుంది. పక్కన ఎండుచేపల గంప. దానయ్య తల్లి నూకాలమ్మ అని పైడమ్మ చెప్పింది. ఈవిడ కూడా వచ్చిందీ, ఇంక అయినట్టే అనుకున్నాను. ఆవిడ నన్ను పలకరించలేదు. కాటుక కాలు మీద కట్టిన గుడ్డ విప్పమంది. విప్పాను. డెక్క మీద అరచెయ్యి ఆనించింది. కాటుక ఒళ్ళంతా వణికింది, మూలిగింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"జ్వరం ఒచ్చిన బిడ్డ నుదురులాగుందమ్మా" అంది. "ఎన్నాళ్ళనించి?"

"మీ పడవ మొదలెట్టినప్పటి నుంచీ" అన్నాను కటువుగా.

దానయ్య గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, నువ్వెందుకొచ్చినావు?"

"తియ్యమ్మా" అంది ఆవిడ నాతో.

"అమ్మా! అన్నయ్య ఎలా పోనాడో మర్చిపోనావా?"

"నేను మర్చిపోతానేట్రా?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఇదింత ఏడుపు ఏడిస్తే ఊడిన లాడం నా బిడ్డ పడవకొద్దు. నాకొద్దు. తియ్యమ్మా నువ్వు."

దానయ్య తనే నూతికి వెళ్ళి వేణ్ణీళ్ళకి నీళ్ళు తోడి తెచ్చాడు.

పైడమ్మ తల పట్టుకుంది, ఎర్రయ్య మోకాలు పట్టుకున్నాడు. వంచి ఉన్న మేకుల కొనలు ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్క మేకే పట్టకారుతో లాగాను. మొత్తం లాడం ఒక్కసారే పెరికితే డెక్క గోడ కూడా ఊడొస్తుంది, అందుకని ఓపిగ్గా. లాడం వదులవగానే దాని కింద ఒక నల్లటి చుక్క కనబడింది. కత్తి మొనతో అక్కడ కొంచెం చెక్కానో లేదో, నల్లటి చీము చిమ్మి నా మోచేతిదాకా పడింది. ఆ కంపుకి ఎర్రయ్య మొహం తిప్పేసుకున్నాడు. "సూడరా, బాగా సూడు, నీ మొహమాటం రంగు అదే!" అన్నాను. కాటుక పెద్దగా ఊపిరి వదిలింది. అంత పొడుగు ఊపిరి గుర్రం వదలగా నేనెప్పుడూ వినలేదు.

ఉప్పునీళ్ళతో కడిగి, అయోడిను పోసి, దూది కుక్కి, గోనెగుడ్డ కట్టాను. ఎండ పాకలోకి వచ్చేవేళకి కాటుక ముందు కాళ్ళు చాపి, ఒక ఊపు ఊగి, లేచి నిలబడింది. కుడికాలు మొదట వేలాడేసింది, తర్వాత కొన ఆనించింది. ఎర్రయ్య అందించిన గడ్డి లాక్కుని నమలడం మొదలెట్టింది. అప్పుడు ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

మధ్యాహ్నం డాక్టరుబాబు వచ్చి ధనుర్వాతం రాకుండా ఇంజక్షను చేశాడు. "వారం క్రితమే చెప్పాను కదా" అన్నాడు పాపం. తెలుసు బాబూ, తెలుసు అన్నాను. ఇంకో రెండు రోజులుండి, కట్టు మార్చడం ఎర్రయ్య చేత నాలుగైదుసార్లు చేయించి, మరిచిపోతే ఏమవుతుందో వాడికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఆదివారం పొద్దున్న బయల్దేరాను.

ఈసారి గంజాం స్టేషన్లోనే పాసింజరు ఎక్కాను. బరంపురంలో దిగి మా వైపు బండి మారాలి. పెట్టె ఖాళీగా ఉంది. నూకాలమ్మ గంప పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది, బరంపురం బజారుకి వెళ్తోందట. కాటుక ఎలా నిలబడిందో అడిగింది, చెప్పాను. తనే మళ్ళీ, "గురువారం పడవ దింపుతారమ్మా" అంది.

"మంచిది."

"మొగ దాటీటప్పుడు నా సిన్నోడికి ఏటి కట్టమంటావు మరి?"

నా కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది అనుకున్నాను. "లాడాలూ తాయెత్తులూ కాదమ్మా, లైఫ్ జాకెట్టు కట్టండి. ఇక్కడ మంచిది దొరక్కపోతే నేను విశాఖపట్నం నుంచి తెప్పించి పంపిస్తాను. మనిషిని తేల్చేది అది, లాడం కాదు."

ఆవిడ గంప మీద గుడ్డ సర్దింది.

"ఏసుకున్నాడమ్మా" అంది. "పెద్దోడు అదేసుకునే ఉన్నాడు. నాలుగో రోజు ఒడ్డుకొస్తే, దాన్ని బట్టే గుర్తుపట్టినాం."

ఛత్రపూర్ వచ్చింది, పోయింది. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. జగన్నాథపూర్ దాటాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బరంపురంలో గంప దింపి ఆవిడ తలకెత్తాను. "ఎల్తానమ్మా" అని జనంలోకి వెళ్ళిపోయింది.

గంజాం వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే నేను చెప్పగలిగింది ఇంతే. పాసింజరు ఎక్కండి, బస్సుని నమ్ముకోకండి. తెల్లారి మొగ దగ్గరికి వెళ్తే పడవలు కెరటం మీదికి పోతుంటాయి, ఒడ్డున ఆడవాళ్ళు నిలబడి చూస్తుంటారు. పడవ ముక్కుకి ఏం కట్టారని వాళ్ళని అడగొద్దు, వాదించొద్దు. గుర్రముంటే మాత్రం నెలన్నరకి లాడం తీయించండి.